వైర్లు పీకే బషి లొంబే

బషి లొంబేకి ఉన్న జబ్బు ఒక్కటే. సవ్యంగా పనిచేస్తున్న వైరు కంటబడితే పీకకుండా ఉండలేడు.

మిగతా విషయాల్లో వంక పెట్టడానికి లేదు. రాగి గనులున్న కిట్వే ఊళ్లో, చాంబోలీ గని కాలనీలో, ఎవరింట పెళ్లయినా చావయినా కుర్చీలు మోయడానికి ముందు వచ్చేది ఆయనే. ఆయన వెళ్లిపోయాక మాత్రం ఆ ఇంటివాళ్లు ఓసారి అన్నీ తడిమి చూసుకునేవారు. ఏదో ఒకటి ఆగిపోయి ఉండేది. అసలు పేరు సంపా. పెద్దకూతురు లొంబే పుట్టాక ఆ పేరు మరుగునపడి, అందరికీ బషి లొంబే, అంటే లొంబే వాళ్ల నాన్న అయ్యాడు.

ఓసారి మంగలి షాపులో ఒకాయన తల సగం గొరిగాక మెషీను ఆగిపోయింది. మంగలి దాన్ని విదిలించాడు, ఊదాడు, స్క్రూలు విప్పాడు, చివరికి దాన్ని తయారుచేసినవాడి వంశాన్ని తిట్టాడు. బెంచీ మీద బషి లొంబే గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు.

"పదకొండు నిమిషాలు," అన్నాడు చివరికి. "గోడకున్న ప్లగ్గు చూడ్డానికి నీకు పదకొండు నిమిషాలు కూడా చాల్లేదు."

"మీరేనా పీకింది?"

"నేనే పీకాను. అందరూ మెషీను విప్పేవాళ్లే. గోడ దాకా నడిచేవాడు ఒక్కడూ లేడు."

సగం తలాయన లేచి మీదికి రాబోయాడు గాని, మెడకు గుడ్డ కట్టి ఉండటంతో అది కుర్చీకి పట్టేసి మళ్లీ కూలబడ్డాడు. ఇంకోసారి, బంతాట చూసే హాల్లో, పెనాల్టీ కొట్టబోయే క్షణాన టీవీ ఆరిపోయింది. ఆ రోజు ఆయన్ని కాపాడింది నెరిసిన జుట్టే.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు చాంబోలీలో పెట్టినవన్నీ పెట్టినట్టే పనిచేస్తున్నాయి. మెషీన్లు ఆగవు, టీవీలు ఆరవు. ఆయన దగ్గర పని నేర్చుకున్న బూపేకి అదే బాధ. శనివారం పొద్దున ఆయన షెడ్డు తాళం తీసి లోపలికి వెళ్తే, పోయిన వారం ఎలా వదిలి వెళ్లిందో అన్నీ అలాగే ఉంటాయి. ఒక్క వైరు కూడా జారి ఉండదు. కాసేపు వాటిని చూస్తూ నిలబడి, కళ్లు తుడుచుకుని, అప్పుడు స్విచ్ వేస్తుంది.

ఆ షెడ్డు కథ కూడా చెప్పుకోవాలి. బషి లొంబే ఇరవై తొమ్మిదేళ్లు గనిలో టెలిఫోను విభాగంలో పనిచేశాడు. భూమి అడుగున తీగలు లాగాడు, పైన కంప్యూటర్లకు కలిపాడు. తర్వాత గని చేతులు మారింది. పాత సామాను తుక్కులో పారేస్తుంటే ఊరంతా రాగి కోసం ఎగబడింది. ఈయన మాత్రం కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పెట్టెలు, ఎవరికీ అక్కర్లేని ఆరు రౌటర్లూ నాలుగు స్విచ్‌లూ తోపుడుబండి మీద వేసుకుని ఇంటికొచ్చాడు.

"ఇవెక్కడ పెడతారు?" అంది భార్య బనా లొంబే, అంటే లొంబే వాళ్ల అమ్మ.

"నిలువు చట్రం చేస్తాను."

"దేంతో?"

ఆయన ఇనప మంచం వైపు చూశాడు. ఆ రోజు నుంచి దంపతులిద్దరికీ నేలమీద పరుపే గతి అయింది. మంచం పెరటి షెడ్డులో నిలబడి రౌటర్లను మోసింది. వాటి ఫ్యాన్ల మోతకు పక్కింటివాళ్లు విమానం దిగుతోందేమోనని మొదట్లో బయటికొచ్చి చూసేవారు.

జనం ఆ షెడ్డు వెతుక్కుంటూ రావడానికి కారణం ఉంది. నెట్‌వర్క్ పనిలో అడుగు పెట్టాలంటే పరీక్ష రాసి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. చదువుకోడానికి పాఠాలు ఫోన్లో ఊరికే దొరుకుతాయి. చేత్తో ముట్టుకోడానికి పెట్టెలు దొరకవు. ఇంటర్నెట్‌లో గంటల లెక్కన అద్దెకిచ్చేవాళ్లు డాలర్లు అడుగుతారు. కోచింగు సెంటర్లలో అద్దాల బీరువాలో పెట్టి దూరం నుంచి చూపిస్తారు. బషి లొంబే దగ్గర నెలకో బస్తా బొగ్గులిస్తే చాలు, పొద్దున్నించి కరెంటు ఉన్నంతసేపూ కూర్చోవచ్చు. ఆ బొగ్గులైనా ఆయనకు కాదు, బనా లొంబే పొయ్యిలోకి.

బూపే అక్కడికి వచ్చేనాటికి ముప్ఫై ఒకటో ఏడు. బజార్లో చిన్న బడ్డీలో ఫోన్ల అద్దాలు మార్చేది. ఆరునెలలు పాఠాలు బట్టీపట్టింది. గనికి తీగలు వేసే కంపెనీలో ఒక ఉద్యోగం ఉంది, ఏడాది చివరికల్లా సర్టిఫికెట్టు తెస్తే ఇస్తామన్నారు. ఆడవాళ్ల చీటీలో ఆమె వంతు ఏడాదికి ఒక్కసారే వస్తుంది, పరీక్ష ఫీజుకు అది సరిపోతుంది. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి, ఉద్యోగం ఎవరి కోసమూ ఆగదు.

మొదటి రోజు బషి లొంబే ఆమెను పది ప్రశ్నలు అడిగాడు. పదింటికీ తడుముకోకుండా చెప్పింది.

"బ్రహ్మాండం," అని మెళ్లోంచి నీలం కేబులు తీసి ఇచ్చాడు. డాక్టరు గొట్టం వేసుకున్నట్టు ఆయన దాన్ని ఎప్పుడూ మెళ్లో వేసుకునే తిరిగేవాడు. "ఇది మూడో పెట్టెకి తగిలించు."

బూపే పెట్టె ముందు నిలబడింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ ముందుకొచ్చింది. రౌటరు మనసులో ఏముంటుందో ఆమెకు తెలుసు గాని, దాని నోరు ఎక్కడుంటుందో తెలియదు.

"పుస్తకంలో ఎడమవైపు ఉందండీ."

"ఆ పుస్తకం రాసినవాడు పెట్టెకి ఎటుపక్క నిలబడి రాశాడో అడగలేకపోయావా," అన్నాడు. తర్వాత షరతు చెప్పాడు: "చూడమ్మా, నువ్వు కడుతున్నంతసేపు నేను వేలు పెట్టను. అది పనిచేసిందా, అప్పట్నించి నాది."

ఆ మాటకు అర్థం మూడు గంటల తర్వాత తెలిసింది. చెమటలు కక్కి నాలుగు పెట్టెలు కలిపింది. ఇటునుంచి పిలిస్తే అటునుంచి పలికింది. సంతోషం పట్టలేక బయటికెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేసరికి నాలుగు పెట్టెలూ మూగపోయి ఉన్నాయి. బషి లొంబే వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"నేనే పీకాను," అన్నాడు. "ఎక్కడో వెతుక్కో."

అలా నాలుగు నెలలు గడిచాయి. బూపేతో పాటు ఇంకో ఇద్దరుండేవారు. చిక్వాందా నలభై ఏళ్ల ఎలక్ట్రీషియను, గొంతు పెద్దది. మపాలో అనే పిల్ల అప్పుడే కాలేజీ ముగించింది, గొంతు ఉందో లేదో తెలియదు. ముగ్గురూ ఏం కట్టినా కూలిపోయేది. ఓ రోజు చిక్వాందా స్విచ్చు ఒకటి పొగలు కక్కుతూ చచ్చిపోతే, బషి లొంబే తనే కాల్చానని కాలనీ అంతా చెప్పుకు తిరిగాడు. మపాలో తన పెట్టెలోకి తను వెళ్లలేక రెండు రోజులు కొట్టుకుంటే, పాస్‌వర్డ్ తనే మార్చానని మూడో రోజు తీరిగ్గా చెప్పాడు.

"ముసలాడికి ఇంట్లో పని లేదా," అనేవాడు చిక్వాందా.

"మన పని చెడగొట్టడమే ఆయన పని," అనేది బూపే. "అందుకే మంచం కూడా అమ్ముకున్నారు."

"అమ్మలేదమ్మా, కోసుకున్నాను," అనేవాడు గుమ్మం బయటినుంచి బషి లొంబే. చెవులు మాత్రం పాము చెవులు.

పరీక్షకు రెండు నెలలుందనగా ఆ గురువారం వచ్చింది. ముందురోజు బడ్డీలో పని తెమలక రాలేకపోయిన బూపే పొద్దున్నే వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. షెడ్డు తాళంచెవి మేకుకు ఉంటుందని అందరికీ తెలుసు. తీసుకుని లోపలికెళ్లి, ఐదో రౌటరు ముందు కూర్చుంది. ఆరింటిలో అదే మంచిది, పరీక్షలో అడిగే కష్టమైన లెక్కలు దానిమీదే చేయగలరు. పాత పాఠం తుడిచి కొత్తది మొదలుపెట్టడం రోజూ చేసే పనే. తుడవమంది. నిజంగా తుడవమంటావా అని యంత్రం అడిగింది. రోజూ నొక్కినట్టే నొక్కింది. ఇంకాసేపటికి కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. ఐదో రౌటరు మాత్రం లేవలేదు. దీపం వెలుగుతోంది, లోపల ఎవరూ లేరు.

బూపే తెలిసినవన్నీ చేసింది. తర్వాత నేలమీద కూర్చుని ఏడ్చింది. అలాంటి పెట్టె ఆ ఊళ్లో ఇంకొకటి లేదు. తనకే కాదు, అందరికీ అదే ఆధారం.

సాయంత్రం నాలుగింటికి బషి లొంబే వచ్చాడు. అంత ఎండలో కోటు వేసుకుని ఉన్నాడు. ఒక చెయ్యి మాత్రం జేబులోంచి తీయలేదు. గుమ్మం పట్టుకుని కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు.

"మొహం అలా ఉందేంటి?"

"ఐదోది లేవట్లేదు, బషి లొంబే. నేనేం చేశానో నాకే తెలీట్లేదు."

ఆయన తెర ముందు కూర్చున్నాడు. తెరను పైకి జరిపి, ఆమె పొద్దుట్నించి కొట్టినవన్నీ ఒక్కొక్కటీ చదివాడు. చాలాసేపు చదివాడు. తర్వాత తెర మొత్తం తుడిచేసి, వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

"నేనే," అన్నాడు దగ్గు ఆగాక. "నిన్న సాయంత్రం తుడిచేశాను, లోపలున్న ప్రాణాన్నే, దాన్ని నడిపించే ప్రోగ్రామునే. నడుస్తున్నంతసేపు తెలీదు, ఆగి లేవబోతేనే తెలుస్తుంది. బాగా దొరికావులే."

బూపే లేచి నిలబడింది. "రెండు గంటలు ఏడ్చాను ఇక్కడ కూర్చుని."

"ఏడిస్తే లేస్తుందా అది?"

"మీకిది ఆట. మాకిది ఏడాది బతుకు. మీ ఇంట్లో వైర్లు పీకండి, మీ భార్యవి పీకండి, మా బతుకులెందుకు పీకుతారు?"

ఆయన చెయ్యి జేబులోనే ఉంచి తల ఊపాడు. బూపే సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఎనిమిది రోజులు ఆ వీధి వైపు తొంగిచూడలేదు. దారిలో కనబడ్డవాళ్లందరికీ ఆ ముసలాయన దుర్మార్గం గురించి చెప్పింది. తొమ్మిదో రోజు, వేరే దిక్కు లేక వచ్చింది.

బషి లొంబే కోపమూ చూపలేదు, క్షమాపణా అడగలేదు. పీట చూపించాడు. ఎక్కడో దాచిన పాత డిస్కు తీశాడు. సన్నటి నీలం కేబులు గుండా ఆ ప్రాణాన్ని మళ్లీ పెట్టెలోకి ఎక్కించాలి. చీమలు చక్కెర మోసినట్టు సాగింది ఆ పని. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. రెండు సార్లు మొదటికి వచ్చారు. మూడోసారికి ఆమె చేతులకు దారి తెలిసిపోయింది, ఆయన చెప్పడం మానేసి గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. పెట్టె లేచి పలికినప్పుడు, "ఇక నిన్నెవడూ భయపెట్టలేడు," అన్నాడు కళ్లు తెరవకుండా.

ఆ తర్వాత ఆయన షెడ్డులోకి రావడం తగ్గింది. ఊపిరితిత్తుల్లో గని దుమ్ము ముప్ఫై ఏళ్లుగా కాపురం ఉంది, ఇప్పుడు ఇల్లంతా తనదేనంటోంది. ఆస్పత్రిలో చేర్చారు. మూడో రోజు బూపే చూడ్డానికి వెళ్తే నర్సు గుమ్మంలోనే పట్టుకుంది.

"మీ నాన్నా?"

"కాదు. అంతకన్నా తలనొప్పి."

"వార్డులో టీవీ రెండుసార్లు ఆగింది. కాలింగ్ బెల్లు పనిచేయట్లేదు. మాకు అనుమానంగా ఉంది."

మంచం మీద బషి లొంబే అమాయకంగా కప్పు వైపు చూస్తున్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. ఆ గదిలో ఆయన ముట్టని గొట్టం అదొక్కటే. బూపేకి నవ్వు వచ్చింది.

పరీక్ష ఎండోలా పట్నంలో. తెర మీద ఒక నెట్‌వర్క్ చూపించి, ఎక్కడ తెగిందో పట్టుకోమన్నారు. పక్క కుర్చీలో కుర్రాడు నెత్తి పట్టుకున్నాడు. బూపేకి మాత్రం పుట్టింటికి వచ్చినట్టు అనిపించింది. ఎవరో పీకారు, అంతే కదా. తెర మీదే ముందు గోడ దగ్గరికి వెళ్లింది.

పాసయిన కాగితం పట్టుకుని తిన్నగా ఆస్పత్రికి పరుగెత్తింది. ఆయన కాగితం చదవలేదు, ఆమె మొహం చదివాడు.

"టైం ఎంత మిగిలింది?" అన్నాడు, మాట మాటకీ ఆగుతూ.

"పదిహేడు నిమిషాలు."

"తొందరపడ్డావు," అని కళ్లు మూసుకున్నాడు. కాగితం మాత్రం ఛాతీ మీద పెట్టుకుని, ఎంత అడిగినా తిరిగివ్వలేదు. తొమ్మిది రోజుల తర్వాత పోయాడు.

పెరట్లో టెంటు వేశారు. లోపల ఆడవాళ్లు నేలమీద, బయట మగవాళ్లు నిప్పుల చుట్టూ. పాస్టరు మైకులో ప్రార్థన మొదలుపెట్టి, "ఈ మంచి మనిషి చేతులు," అన్నాడో లేదో మైకు ఆగిపోయింది. ఎవరూ జనరేటరు వైపు చూడలేదు. అందరూ శవపేటిక వైపు చూశారు. పాస్టరు కూడా చూశాడు.

చిక్వాందా వెళ్లి చూసొచ్చాడు. "పెట్రోలైపోయింది," అని గట్టిగా ప్రకటించాడు. "ఇది ఆయన పని కాదు."

ఖననం అయ్యాక బనా లొంబే చాప మీద కూర్చుంది, పక్కన ఆమె ముసలి ఆడపడుచు. ముగ్గురు శిష్యులూ చుట్టూ చేరారు. మొక్కజొన్న సంకటి, న్షిమా గిన్నెలు ముందు పెట్టారు గాని ఎవరూ ముద్ద కలపలేదు. చిక్వాందా గొంతు తగ్గించడం అదే మొదటిసారి.

"ఒక మాట చెప్పాలి, బనా లొంబే. ఆ స్విచ్చు కాల్చింది ఆయన కాదు. తడిచేత్తో నేనే తగిలించాను. పొగ రాగానే ఆయన గబగబా వచ్చి, నేనే కాల్చా, నేనే కాల్చా అన్నారు. నేనూ ఊరుకున్నాను. ఊరంతా ఆయన్ని తిట్టింది, నేను కూడా తిట్టాను."

మపాలో తల వంచుకునే అంది: "పాస్‌వర్డ్ కూడా నేనే మర్చిపోయాను. ఆయన మార్చానన్నారు. కానీ ఆయనకి అది తెలీదు. తెలిస్తే రెండు రోజులు తనే కూర్చుని వెతకరు కదా."

బూపే వాళ్లిద్దరినీ చూసింది. "మీ సంగతేమో గాని, నాది మాత్రం నిజంగా ఆయనే చేశారు. ఐదోదాన్ని ఆ బుధవారం సాయంత్రం తుడిచేశారు. స్వయంగా చెప్పారు."

"ఏ బుధవారం?" అంది బనా లొంబే.

"దాని మర్నాడు ఇంటికి తాళం వేసి ఉంది చూడండి, సాయంత్రం ఎండలో కోటు వేసుకొచ్చారు."

బనా లొంబే నెమ్మదిగా చెప్పింది: "ఆ బుధవారం పొద్దున్నే ఊపిరాడక ఆస్పత్రికి తీసుకెళ్లాను. గురువారం మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు. చేతికి సూది గుచ్చిన పట్టీ మీకు కనబడకూడదని కోటు తెమ్మన్నారు. షెడ్డులో ఎవరు పీకారమ్మా, నేను పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుని ఉంటే?"

బూపే కళ్ల ముందు తెర కదిలింది. నిజంగా తుడవమంటావా అని యంత్రం అడిగింది, తను నొక్కింది. ఏది తుడుస్తున్నానో చదవకుండా నొక్కింది. ఆయన అదంతా చదివాడు. చదివి, చెరిపేసి, నవ్వాడు. తను ఎనిమిది రోజులు ఊరంతా తిరిగి ఆయన్ని ఆడిపోసుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

"గనిలో ఆయన కింద ఒకడు పనిచేసేవాడు," అంది బనా లొంబే. "ఒకసారి పొరపాటున తీగ కోశాడు. ఫోర్‌మ్యాను అందరి ముందూ వాణ్ని నిలబెట్టి కడిగేశాడు. వాడు ఆ పూటే పనిముట్లు కింద పెట్టి వెళ్లిపోయాడు, మళ్లీ తీగ పట్టుకోలేదు. వాడి చెయ్యి నా చేతికన్నా మంచిది, భయపడిపోయింది అనేవారు, అన్నం తింటూ కూడా. తప్పు నాదంటే నాకేం పోతుంది, నా పరువు ఎప్పుడో పోయింది, పిల్లల చేతులు భయపడకూడదు అనేవారు."

నిప్పుల దగ్గర మగవాళ్ల గొణుగుడు వినిపిస్తోంది. బూపే చీరగుడ్డలాంటి చితెంగె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

చాలాసేపటికి చిక్వాందా గొంతు సవరించుకున్నాడు. "అయితే అసలు ఆయన నిజంగా ఏమైనా పీకారా, లేక అన్నీ మనం చేసినవేనా?"

బనా లొంబే ఆలోచించింది. "మా నాన్న రేడియో పీకారు," అంది. "అది నిజం. మా ఇంటికి బాగుచెయ్యడానికి వచ్చి, వెళ్లేముందు లోపల తీగ ఒకటి ఊడదీసి పోయేవారు. వారానికోసారి అది ఆగేది, వారానికోసారి ఈయన్ని పిలిచేవారు. నేను టీ ఇచ్చేదాన్ని. ఐదుసార్లు అయ్యాక మా నాన్న, అబ్బాయ్, నీకు కావలసింది రేడియోలో లేదు గదా, అన్నాడు."

"ఆయనేమన్నారు?" అంది మపాలో.

"లేదండీ అన్నారు. అయితే తీగ సరిగ్గా పెట్టి అమ్మాయిని తీసుకుపో అన్నాడు మా నాన్న. కంగారులో తీగ తప్పుగా పెట్టారు. అది మళ్లీ ఎన్నడూ పలకలేదు."

ఆడపడుచు, చావింట నవ్వడమేంటని కసురుకుంది. కసురుతూ కసురుతూ తనే ముందు నవ్వేసింది. బూపే కొంగు తీసి కళ్లు తుడుచుకుంది, గిన్నె దగ్గరికి లాగి, బనా లొంబే చేతికి మొదటి ముద్ద అందించింది.